గోడ తిరిగిన చోటు

లాబాషి ఇటుకను నాలుకతో చూసేవాడు. గుంటలో కొత్త వరుస బయటపడగానే ఒక ఇటుక అంచు గిల్లి నోట్లో వేసుకుని, కాసేపు ఆగి, ఉమ్మేసి, ఇది ఫలానా కాలపుదని చెప్పేవాడు. వెయ్యేళ్ళ కిందటి మట్టిలో ఉప్పు తక్కువ, మన తాతల నాటి మట్టిలో ఎక్కువ, మనం పోసే ఇటుకల మీదయితే ఎండిన మర్నాడే తెల్లని పొర తేలుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. దాన్నిబట్టి రాజుల వరుస చెప్పగలిగినవాడు మాత్రం కార్‌గుల ఊళ్ళో అతనొక్కడే. గంపలు మోసేవాళ్ళు ఊరుకుంటారా? "లాబాషన్నా, ఉప్పు సరిపోయిందా? ఇంకో ఉల్లిపాయ తరిగి పడెయ్యమంటావా?" అని ఒకడు అడిగేవాడు. "ఇది పాత రాజుగారి వంట. ఆయన నిన్ను గిన్నెలు కడగడానికి కూడా పెట్టుకోడు," అని లాబాషి తలెత్తకుండానే జవాబు చెప్పేవాడు.

నేను ఆలయంలో రాతపని చేసేవాణ్ణి. గుల దేవత వీధిలో మా రెండిళ్ళకూ నడుమ గోడ ఒకటే. దానికి అటు అతను, ఇటు నేను ఇరవై ఆరేళ్ళు బతికాం. అతన్ని గొప్పవాడనడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు. పొదుపుగా మాట్లాడేవాడు. పండగనాడు మితిమీరి తాగేవాడు. పనిలో నిజాయితీ గలవాడు, ఒక్కసారి తప్ప. అతని బతుకులో చెప్పుకోదగ్గది ఆ ఒక్కసారే.

తవ్వకం వాళ్ళ ఇంటి పని. ఇదివరకటి రాజు కాలంలో గుల ఆలయం శిథిలమైతే, దాని అసలు పునాది వెతికే పని లాబాషి తండ్రికి అప్పగించారు. దేవుడి ఇల్లు ఎక్కడ పడితే అక్కడ లేవదు. జలప్రళయం తగ్గాక దేవతలే తాడు పట్టి తొలి రాజుకు చూపిన గీత ఒకటుంటుంది. ఆ గీతకు వేలెడు బయటికి గాని, వేలెడు లోపలికి గాని జరిగిన గోడ నిలవదు. తండ్రి ఆరు మూరల లోతున ఒక పునాది కనిపెట్టి, దాని పక్కన ఏడు రోజులు ఉపవాసం ఉండి, ఇదేనని చెప్పాడు. మనసులో మరో మాట లేని మనిషి. ఆయన చూపిన గీత మీదే ఆలయం లేచింది. పదిహేడో ఏట చలికాలపు వానలకు తూర్పు గోడ ఉబ్బి, ఒకనాడు పట్టపగలే కూలింది. ముంగిలి ఊడ్చే ముసలామె, దేవతకు ప్రీతి అని గుడిలో పెంచే కుక్కలు మూడు దాని కింద ఉండిపోయాయి. ముసలామె కోసం ఆమె మనుమలు ఏడ్చారు. కుక్కల కోసం ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత తండ్రి వీధిలో నడుస్తుంటే పిల్లలు వెనకాల చేరి, గోడ కూలినట్టు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవారు. ఆయన రెండేళ్ళకు మించి బతకలేదు.

లాబాషికి, అతని భార్య హిబ్తకు ఒక్కతే కూతురు, బుసాస. ఆ పిల్లకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చింది. రోగాలు మాన్పే గుల దేవత గుడి గోడకు ముప్పై మూరల దూరంలో పదకొండు రోజులు ఆ జ్వరం తగ్గలేదు. మట్టితో కుక్క బొమ్మలు చేసి గుడి మెట్ల మీద పెట్టారు. మంత్రగాణ్ణి పిలిపించారు. చిన్న గొర్రెపిల్లను పిల్లకు మారుగా ఇచ్చారు. పన్నెండో రోజున ఆ పిల్లను రెల్లు చాపలో చుట్టి, మెడలోని పూసల దండతో సహా, నడిమి గది నేల కింద పడుకోబెట్టి, పైకి ఒక మట్టి గొట్టం వదిలారు. అందరిళ్ళలో లాగే అమావాస్య సాయంత్రం ఇంటి పెద్ద పేరు పెట్టి పిలిచి, ఆ గొట్టంలో చల్లని నీళ్ళు, గుప్పెడు పిండి పోయాలి. పిలిచేవాళ్ళు లేకపోతే పోయినవాళ్ళు దుమ్ము తిని బతకాలి. ఆ పిలుపు నాకు గోడలోంచి వినిపించేది. వీధిలో ఆడుకుంటున్న పిల్లను తిండికి రమ్మన్నట్టు పిలిచేవాడు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు.

బుసాస పోయిన నాలుగో ఏట బాబిలోను నుంచి రాజాజ్ఞ వచ్చింది. మన రాజులు కల్దీయులు, సముద్రపు అంచున ఉన్న రెల్లు నేలల నుంచి వచ్చినవాళ్ళు. కొత్తగా గద్దెనెక్కిన వంశానికి పాత పునాదుల మీద ఉండే మమకారం పాత వంశాలకు ఉండదు. ఎక్కడ గుడి కూలినా తొలి రాజు గీత దొరికేదాకా తవ్వమంటారు. దొరికిన శాసనానికి నూనె రాసి, బలి ఇచ్చి, పక్కన తమ పేరున్న శాసనం పెట్టి తిరిగి పూడుస్తారు. అలాంటి పాత శాసనాలు నేను కొన్ని చదివాను. అవి రాసిన సుమేరు భాషలో ఇప్పుడు ఏ తల్లీ బిడ్డను జోకొట్టదు. గుడి గాయకులు దాన్ని అర్థం తెలియకుండా పాడతారు, మేం అర్థం కొంచెం తెలిసి రాస్తాం. ఆ శాసనాల్లో గెలిచిన ఊళ్ళుంటాయి, తవ్వించిన కాలువలుంటాయి, కొండల నుంచి తెచ్చిన దేవదారు దూలాలుంటాయి. చివరికి వచ్చేసరికి అన్నిటిలోనూ ఒకటే వేడుకోలు. రాబోయే కాలపు రాజా, ఈ ఇల్లు కూలిననాడు నా పేరు నీ కంట పడితే పారెయ్యవద్దు, నూనె రాసి పైకి చదువు. నాలుగు దిక్కులూ ఏలామని పదిహేను వరుసలు రాయించుకున్నవాళ్ళు పదహారో వరుసలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి అడుగుతున్నది ఇది.

మా ఆలయాధికారి పేరు జేరియ. ఆయనకు కోపం రావడం నేను చూడలేదు. కోపం వచ్చేవాళ్ళకంటే అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన లాబాషిని పిలిపించి, నీ తండ్రి ఆరు మూరల దగ్గర ఆగాడు, నువ్వు ఆగవద్దని చెప్పి పని అప్పగించాడు. ఆజ్ఞలో చివరి మాట కూడా చదివించాడు. పాత గోడ గీతకు అడ్డం వచ్చినది ఇల్లయినా, చెట్టయినా, సమాధి అయినా తొలగించాలి. చదివింది నేనే. అప్పటికి ఆ మాట మా ఇద్దరిలో ఎవరినీ తాకలేదు.

తవ్వకం చలికాలం చివర మొదలైంది. ఆరు మూరల దగ్గర తండ్రి పునాది, దాని కింద మరో రాజుది, దాని కింద బూడిద పొర, మళ్ళీ గోడలు. పన్నెండో మూర దగ్గర వేరే రకం ఇటుకలు తగిలాయి. బోర్లించిన రొట్టెలా వీపు ఉబ్బి ఉన్నాయి. వాటిని పడుకోబెట్టి కాక, ఏటవాలుగా ఒకదానికొకటి ఆనించి, చేప ముల్లులా పేర్చారు. ప్రతి ఇటుక వీపు మీదా ఒక బొటనవేలి గుంట ఉంది. లాబాషి తన వేలు అందులో పెట్టి చూశాడట. సరిపోయిందట. ఆ సాయంత్రం మా వాకిట్లో నిలబడి ఆ ముక్క చెప్పి వెళ్ళాడు. అతని నోట సంతోషంగా వచ్చిన మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

దొరికింది ఉత్తరపు గోడ. దాని వెంట తూర్పుకు తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట అది దక్షిణానికి తిరగాలి. ఆ మూల కూలిన తూర్పు గోడ కిందే ఉంటుందని అందరి అంచనా. లాబాషి పద్ధతి ఒకటుండేది. పనివాళ్ళు రాకముందే దిగి, ముందురోజు చదును చేసిన నేల మీద నీళ్ళు చిలకరించేవాడు. ఇటుక ఉన్నచోట తడి ఒకలా ఆరుతుంది, నింపిన మట్టి ఉన్నచోట మరోలా ఆరుతుంది. ఆ కాసేపట్లో పాత గోడ మొత్తం నేల మీద గీసినట్టు కనిపించి, ఎండ రాగానే మాయమవుతుంది. ఎండాకాలం మొదలైన ఒక ఉదయం అతను అలా చూశాడు. గోడ తిరగలేదు. కూలిన తూర్పు గోడ కింద నుంచి, ప్రాకారం కింద నుంచి, మా వీధి వైపు తిన్నగా వెళుతోంది. పైకెక్కి తాడు లాగి చూశాడు. తాడు మొదట అతని నడిమి గది మీద పడింది, తర్వాత మా ఇంటి మీద.

కిందికి దిగి ఆ తడి మీద పొడి మట్టి చల్లాడు. ఆరోజు పనివాళ్ళను పడమటి వైపు పంపాడు.

ఆ మధ్యాహ్నం భార్యాభర్తలు మాట్లాడుకున్నది నేను గోడ ఇవతల విన్నాను. లేచి వెళ్ళవలసింది. వెళ్ళలేదు.

"గోడ మనింట్లోకి వస్తోంది," అన్నాడు లాబాషి.

యవల రొట్టె విరుస్తున్న చప్పుడు ఆగింది. "ఎందాకా?" అంది హిబ్త.

"నడిమి గది. సరిగ్గా గొట్టం కింద."

"అయితే పిల్లని తీసేస్తారా?"

"తీస్తారు. ఎముకలు ఏరి కుండలో పెట్టి మన చేతికిస్తారు. ఆలయాధికారి అంతవరకూ మంచివాడే."

"ఆ కుండ ఎక్కడ పెట్టుకోను? మా అన్న వాకిట్లో నిలబడి, వదినా, మీ అత్తగారిని కాస్త అటు జరగమను, మా పిల్లని పడుకోబెట్టాలి, అనమంటావా?"

పరాయి ఇంటి పిల్లకు ఎవరూ తమ నేల ఇవ్వరు. తమవాళ్ళకు పోసే నీళ్ళు మరొకరితో పంచుకోమని పోయినవాళ్ళను ఎవరడుగుతారు? ఊరి బయట పాతిపెట్టిన ఎముకల సంగతి చెప్పుకోనక్కర్లేదు. చివరికి లాబాషి, "మా నాన్న అబద్ధం చెప్పలేదు హిబ్తా," అన్నాడు.

"చెప్పలేదు. గోడ పడింది," అంది ఆమె. "నిజం చెబితే పడింది కదయ్యా. ఇంకోలా చెప్పి చూడు."

"పొట్టేలును కోసి కాలేజంలో శకునం చూస్తారే. దేవుడికి తెలిసిపోతుంది."

"తెలియనీ. తెలిస్తే ఆయనే చెబుతాడు. అప్పుడు పిల్లని నా చేతుల్తో నేనే తీసిస్తాను. అడక్కముందే నువ్వెందుకయ్యా నోరు విప్పడం?"

నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ గీత మీద నా ఇల్లు కూడా ఉంది.

ఎండలు ముదిరాక గంపలవాళ్ళు మధ్యాహ్నం పూట రెల్లు పందిరి కింద పడుకునేవారు. ఖర్జూరాలు, ఎండు చేప తిని, చిక్కని యవల కల్లు తాగిన మనుషులు నీడలో పడ్డారంటే పిడుగు పడ్డా లేవరు. ఆ వేళ లాబాషి ఒక్కడే గుంటలోకి దిగాడు. ప్రాకారం వైపు సాగిన గోడను మూడు మూరల మేర ఊడదీశాడు. ఆ ఖాళీని పాత మట్టితోనే పొరలు పొరలుగా కూరి, దిమ్మిస కొట్టి, పైన బూడిద చారలు కూడా ఉండవలసిన ఎత్తులో ఉండేలా చేశాడు. ఊడదీసిన ఇటుకలతోనే దక్షిణానికి తిరిగే మూల కట్టాడు. చేప ముల్లు వరుసలు ఏడు. ఆ మూల నుంచి దక్షిణానికి రెండు మూరలు పోనిచ్చి, అక్కడ ఏనాడో వరద కోసుకుపోయినట్టు విరగ్గొట్టి వదిలాడు. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అడ్డదిడ్డంగా పని చేయడం అతనికి రాదు. అబద్ధాన్ని కూడా తాడు పట్టుకునే కట్టాడు.

తాను చేస్తున్నది దేవుణ్ణి మోసం చేయడమని అతను అనుకోలేదు. ప్రశ్నను పైకి పంపిస్తున్నానని అనుకున్నాడు. కాదు అనే జవాబు వస్తుందని అతనికి అనుమానమే లేదు. తన్నులు తినడానికి, ఇల్లు వదలడానికి సిద్ధపడే ఆ మూల కట్టాడు. అంతవరకూ అతని నమ్మకంలో పగులు లేదు.

జేరియ వచ్చి, గుంటలోకి దిగి, బొటనవేలి గుంటలు ముట్టుకుని, మూలను కొలిపించి, శకునం చూసేవాళ్ళను పిలిపించాడు. తెల్లవారుతుండగా ముంగిట్లో మచ్చలేని పొట్టేలును నిలబెట్టారు. ప్రశ్న నేనే రాశాను. ఈ గోడ తిరిగిన ఈ మూల, తొలి రాజు చేతులతో పెట్టిన మూలేనా? శకునం చెప్పే పెద్దాయన వంగి ఆ ప్రశ్నను పొట్టేలు చెవిలో గుసగుసగా చెప్పాడు. గంపలవాళ్ళలో ఒకడు లాబాషి వైపు వంగి, "దాన్నడిగితే ఇటుక కంటే పచ్చగడ్డే మేలంటుందన్నా," అన్నాడు. లాబాషి నవ్వలేదు. అతని మెడ మీద చెమట ధారగా దిగుతోంది.

పొట్టేలును కోసి, కాలేజం బయటికి తీసి, పళ్ళెంలో పెట్టి చాలాసేపు తిప్పి చూశారు. కుడివైపు గీత నిండుగా ఉంది. పిత్తం సంచి గట్టిగా ఉంది. జవాబు అవును అని వచ్చింది. ఇలాంటి పెద్ద పనికి ఒక్క సాక్ష్యం చాలదని రెండో పొట్టేలును తెచ్చారు. మళ్ళీ అవును అనే వచ్చింది. డప్పులు మోగాయి. గాయకులు సుమేరు పాట ఎత్తుకున్నారు. జనం లాబాషిని భుజాల మీదికి ఎత్తుకుంటే అతను ఎత్తుకోనిచ్చాడు. దింపిన చోటే గొంతుక్కూర్చుండిపోయాడు.

మూల దగ్గర తొలి రాజు శాసనం దొరకలేదు. దొరకదు కదా. నీళ్ళు తినేసి ఉంటాయని జేరియ తేల్చాడు. ఆ రాజు పేరును మా ఊళ్ళో మూడు రకాలుగా చెప్పుకుంటారు. ఆయన అందులో ఒకటి ఎంచాడు. నేను మెత్తని మట్టి మీద రెల్లు కలంతో కొత్త శాసనం రాశాను. ఫలానా తొలి రాజు పునాదిని కనుగొన్నాను, వేలెడు బయటికి గాని, వేలెడు లోపలికి గాని జరగకుండా దాని మీదే గోడ నిలిపాను, రాబోయే రాజా, నా పేరు చూస్తే నూనె రాసి చదువు. రాత బాగుందని అందరూ అన్నారు.

ఆ రాత్రికి కాదు గాని, మర్నాడు పొద్దున హిబ్త గోడ అవతల పాడుకుంటూ పిండి విసరడం విన్నాను. "దేవత ఒప్పుకుంది," అని మొగుడితో అంటోంది. "పిల్ల మొహం చూసి ఒప్పుకుంది."

"జ్వరం వచ్చిన పదకొండు రోజులూ ఆ మొహం చూడలేదా?" అన్నాడు లాబాషి.

తిరగలి ఆగింది. మళ్ళీ తిరిగింది. "అప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చింది. ఇచ్చింది తీసుకోవయ్యా."

అతను తీసుకోలేకపోయాడు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. తనకు లాభించిన అబద్ధాన్ని చూసి ఏడ్చేవాళ్ళు అరుదు. తర్వాత అతను తాగినప్పుడు అన్న ముక్కలను కూడదీసుకుంటే తెలిసిన వరస ఇది. అతని చేతులు మూల కట్టాయి. మూల అబద్ధమని ఆ చేతులకు తెలుసు. పైవాళ్ళు అవునన్నారు. అంటే పైవాళ్ళు చూడలేదు. చూసి ఊరుకున్నారన్నా ఒకటే. రెండు పొట్టేళ్ళ చెవుల్లో చెప్పిన మాట ఎక్కడికీ పోకపోతే, ఒక మట్టి గొట్టంలో పిలిచిన పేరు ఎక్కడికి పోతుంది? కూతురు నేలను కాపాడుకోవడానికి అతను చేసిన పనే ఆ నేల కింద కూతురు లేకుండా చేసింది. పెద్ద పెద్ద పండితులు చెప్పిన సందేహాలు చదివాను. వాటిలో ఇంత తిన్నగా నడిచినది నాకు కనబడలేదు.

కొత్త ఆలయం మూడేళ్ళలో లేచింది. తర్వాత ప్రతి చలికాలం మొదటి వాన వెలిసిన పొద్దున లాబాషి తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి, ఈ చివర నుంచి ఆ చివరకు అరచేత్తో తడుముకుంటూ నడిచేవాడు. జనం దాన్ని భక్తి అనుకున్నారు. "నిమురు నిమురు, సాయంత్రానికి పాలు చేపుతుంది," అని నీళ్ళు మోసే ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. అతను వెతికేది పగులు కోసం. వెంట్రుకవాసి బీట కనిపించినా చాలు, ఎవరో చూశారని అర్థం. గోడ నున్నగా, పొడిగా ఉండేది. ఉపవాసం ఉండి నిజం చెప్పిన తండ్రి గోడ పదిహేడేళ్ళకు కూలింది. ఈ గోడ ఈనాటికీ చెక్కు చెదరలేదు.

ఆరో ఏట ఒక మధ్యాహ్నం నేను జేరియ దగ్గర కూర్చుని లేఖ రాస్తున్నప్పుడు లాబాషి వచ్చాడు. చేతులు కడుక్కుని, ఉతికిన బట్ట కట్టుకుని వచ్చాడు. నేల మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, ఆ మూల నేను పెట్టింది."

జేరియ నా వైపు చూసి, రాయడం ఆపమన్నట్టు వేలు ఎత్తాడు. "ఏ మూల?"

"ఈశాన్యం మూల. గోడ అక్కడ తిరగలేదయ్యా. మా వీధిలోకి పోయింది. మా పిల్ల అక్కడ ఉందని ఇటుకలు ఊడదీసి ఇటు తిప్పాను."

"కాలేజం రెండుసార్లు అవునంది. నువ్వొక్కడివి కాదంటున్నావు. ఎవరి మాట వినమంటావు?"

"నా చేతుల్తో కట్టానయ్యా."

"కట్టావు. ఎవరు కాదన్నారు?" జేరియ గొంతు పిల్లవాడికి చెప్పినట్టు మెత్తగా ఉంది. "ఎక్కడ కట్టాలో చేతులకి తెలుస్తుందా? మూల ఎక్కడుండాలో అక్కడ దేవత నీ చేత పెట్టించింది. నువ్వు దొంగతనం అనుకుని చేసింది ఆవిడ పనే అయింది. దీనికి బాధ దేనికి?"

లాబాషి, "ఆ మూలకి తూర్పున ఇంకా గోడ ఉందయ్యా. ఇప్పుడు తవ్వినా కనిపిస్తుంది," అన్నాడు.

"అందుకే తవ్వం," అన్నాడు జేరియ. ఒక కుండ మంచి కల్లు ఇచ్చి పంపించమని సేవకుడికి చెప్పి, నా వైపు తిరిగి, ఆగిన వాక్యం చదవమన్నాడు.

క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి ఏదో ఒకటి దొరుకుతుంది. అతను కోపాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆకాశంలో లేని కోపం కనీసం ఆలయాధికారి దగ్గరైనా ఉంటుందనుకున్నాడు. అక్కడ అతనికి మిగిలి ఉన్న ఒక్క సంగతి, ఇటుక గురించి తన చేతులకు తెలిసిన నిజం, దాన్ని కూడా మెత్తగా తీసుకుని కల్లు కుండ చేతికిచ్చి పంపారు. వీధి మలుపులో ఆ కుండను కుక్కల ముందు ఒలకబోశాడని తర్వాత విన్నాను.

ఆ అమావాస్యనాడు గోడ అవతల నీళ్ళు పోసిన చప్పుడు వచ్చింది. పిలుపు రాలేదు.

"పేరు పిలవవేం?" అంది హిబ్త.

"ఎవరు వింటారని?"

ఆమె ఏడవలేదు. ఏడ్చే వయసు ఇద్దరికీ దాటింది. "దానికి వినబడకపోతే పోనీ," అంది. "నాకు వినబడేలా పిలువు."

కాసేపటికి పిలిచాడు. గొంతులో తిండికి పిలిచే చనువు లేదు, జాబితాలో పేరు చదివినట్టుంది. అయినా పిలిచాడు. ఆ తర్వాత ఏడేళ్ళూ తప్పకుండా పిలిచాడు. దాన్ని ప్రేమ అనవచ్చునా అని చాలాసార్లు ఆలోచించాను. నమ్మకం పోయాక కూడా మిగిలిన మర్యాద అది. అంతకంటే పెద్ద మాట వాడడానికి నాకు ధైర్యం లేదు.

పదమూడో ఏట హిబ్త కడుపు ఉబ్బే జబ్బుతో పోయింది. కూతురి పక్కన ఆమెకు చోటు చేశాం. గొట్టం ఒకటే సరిపోయింది. మరుసటి అమావాస్య నుంచి గోడ అవతల చప్పుడు లేదు. ఒకనాడు తలుపు తోసి చూశాను. లాబాషి నీళ్ళ చెంబు ముందు పెట్టుకుని గొట్టం పక్కన కూర్చుని ఉన్నాడు. "పిలువు," అన్నాను. "వినే మనిషి పోయింది," అన్నాడు. చెంబు నా చేతికివ్వబోయి, మళ్ళీ తనే కింద పెట్టుకున్నాడు. అలా ఇంకో నాలుగేళ్ళు బతికాడు. తవ్వకానికి పిలిస్తే వెళ్ళేవాడు. ఇటుక నోట్లో వేసుకుని, ఏ కాలపుదని అడిగితే, మీకు ఏది కావాలో అది రాసుకోండి అనేవాడు. వాళ్ళు రాసుకునేవారు. చలికాలపు జలుబు ఛాతీలోకి దిగి పోయాడు. వీధివాళ్ళం కలిసి ఆ గదిలోనే మూడోవాడిగా పడుకోబెట్టాం.

వారసులు లేని ఇల్లు ఆలయానికి చేరింది. ఆలయం దాన్ని నాకిచ్చింది, మా రెండో కొడుకు కాపురానికి. నడుమ గోడకు తలుపు కొట్టించాను. మొదటి మూడు అమావాస్యలూ నేనే వెళ్ళి ముగ్గురి పేర్లూ పిలిచి నీళ్ళు పోశాను. నాలుగో నెలకు కోడలు నెల తప్పింది. అప్పుడు నా భార్య అడిగింది. "ఎవరివో పేర్లు మనింట్లో అలా పిలుస్తున్నారు. పిలిస్తే రారా? వచ్చినవాళ్ళు పిల్ల కడుపు వైపు చూడరా?" వినేవాళ్ళు లేరని చెబితే ఆమె భయం పోయేది. వింటారని చెబితే నేను పిలుస్తూ ఉండాలి. రెంటిలో ఏదీ నా నోట రాలేదు.

గొట్టం నోటి మీద కాల్చిన పలక ఒకటి బోర్లించి, చుట్టూ తారు పూసి, పైన మట్టి అలికాం. అతుకు తెలియకుండా నున్నగా వచ్చింది. దాని మీద ఇప్పుడు యవల గాదె ఉంది. ఆ పిల్ల పేరు తెలిసినవాళ్ళు వీధిలో మేమిద్దరమే మిగిలాం. ఆ పేరు మేం ఇంట్లో అనం.